ఐరిష్ నటులు: డబ్లిన్ రంగస్థలం నుంచి వెండితెర దాకా

1930ల నుంచి 1960ల నడిమి దాకా హాలీవుడ్‌లోనూ లండన్‌లోనూ తయారైన సినిమాలను వరసపెట్టి చూస్తే కొన్ని ముఖాలు పదేపదే ఎదురవుతాయి. చిటపటలాడే ముసలి ఫాదర్, గుర్రబ్బండి తోలే పెళ్ళిళ్ళ పేరయ్య, కొడుకుల్ని గనికి పంపి గుమ్మంలో నిలబడే తల్లి, పారిపోతున్నవాణ్ణి బేరానికి పెట్టే పిట్టలమ్మేవాడు. వీళ్ళెవరూ హీరోలు కారు. హీరో మొహం మరిచిపోయాక కూడా వీళ్ళ గొంతు చెవిలో ఉండిపోతుంది. వీళ్ళలో చాలామంది డబ్లిన్‌లోని ఒకటి రెండు నాటకశాలల్లో కలిసి పెరిగినవాళ్ళే.

అప్పట్లో ఐర్లండ్‌కు సినిమా పరిశ్రమ అని చెప్పుకోదగ్గది లేదు. మూకీల నాడు కొన్ని ప్రయత్నాలు జరిగి ఆగిపోయాయి. సినిమాల సెన్సారు చట్టం మాత్రం 1923లోనే వచ్చింది. పెద్ద స్టూడియో 1958లో గాని రాలేదు. కెమెరా కంటే కత్తెర ముప్ఫై అయిదేళ్ళు ముందొచ్చిన దేశమది. ఉన్నదల్లా నటులు. బయటి దర్శకుడు ఐర్లండ్ కథ తీయదలిస్తే నాటక సమాజంలో సగాన్ని వెంటబెట్టుకుపోయేవాడు. అందుకే ఆ మూడు దశాబ్దాల ఐరిష్ సినిమా కోసం వెతికేవారికి అది దర్శకుల దగ్గరా నిర్మాతల దగ్గరా దొరకదు. ఈ నటుల యాసలో, నడకలో, ఒకరి మాట ఒకరు అందుకునే ఒడుపులో దొరుకుతుంది.

గుమాస్తాల నాటకశాల

డబ్లిన్‌లో ఆబీ థియేటర్ 1904 డిసెంబరు 27న తలుపులు తెరిచింది. కవి యేట్స్, లేడీ గ్రెగరీ, నాటకకర్త సింగ్ పేర్లు చరిత్రకెక్కాయి గాని, వాళ్ళకు నటుల్ని తయారుచేసి ఇచ్చింది ఫే సోదరులు. తమ్ముడు విలియం ఫే వృత్తిరీత్యా ఎలక్ట్రీషియను. పగలు పనులు చేసుకునేవాళ్ళను పోగుచేసి రాత్రుళ్ళు రిహార్సల్స్ నడిపిన అన్నదమ్ములు వాళ్ళు. 1902లో వాళ్ళ సమాజం ఆడిన నాటకాల్లో రెండు జేమ్స్ కజిన్స్ రాసినవి. మదనపల్లె వాళ్ళకు ఈ పేరు కొత్తది కాదు. అనీ బిసెంట్ పిలుపు మీద 1915లో భారతదేశానికి వచ్చి మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న కజిన్స్ ఆయనే. 1919లో రవీంద్రుడు ఆ కళాశాలకు అతిథిగా వచ్చి జనగణమనను ఇంగ్లీషు చేసినప్పుడు స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ ఆయన భార్య.

స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వం 1925లో ఆబీకి ఏడాదికి 850 పౌన్ల గ్రాంటు మంజూరు చేసింది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో సర్కారు సొమ్ముతో నడిచిన మొదటి నాటకశాల అదే. ఆ సొమ్ముతో నటుల కడుపులేం నిండలేదు. చాలామంది ప్రభుత్వోద్యోగాలు చేస్తూనే వేషాలు కట్టారు. ఆఫీసులో తెలిస్తే బాగుండదని మారుపేర్లు పెట్టుకున్నారు. విలియం షీల్డ్స్ బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్ అయ్యాడు. పీటర్ జడ్జ్ ఎఫ్. జె. మెకార్మిక్ అయ్యాడు. ప్రపంచం వాళ్ళను గుర్తుపెట్టుకున్నది అధికారి కంటబడకుండా పెట్టుకున్న ఆ పేర్లతోనే.

ఈ తరానికి అసలు బడి షాన్ ఓకేసీ నాటకాలు. డబ్లిన్ పేటల్లో అద్దెగదుల జనం మాటలను ఓకేసీ రంగస్థలం మీదికి తెచ్చాడు. 1924లో ఆబీ ఆడిన 'జూనో అండ్ ద పేకాక్'లో కబుర్లపోగు కెప్టెన్ బాయిల్‌గా ఫిట్జ్‌జెరాల్డ్, అతని తోకలా తిరిగే జాక్సర్‌గా మెకార్మిక్, సంసారాన్ని ఒంటిచేత్తో లాగే జూనోగా సారా ఆల్‌గుడ్ వేశారు. రెండేళ్ళకు 'ద ప్లావ్ అండ్ ద స్టార్స్' వచ్చింది. 1916లో బ్రిటిష్ పాలన మీద లేచిన ఈస్టర్ తిరుగుబాటు వీరులను కించపరిచారంటూ జనం స్టేజీ మీదికి ఎగబడ్డారు. ఫిట్జ్‌జెరాల్డ్ వాళ్ళలో ఒకడికి గట్టి గుద్దే తగిలించాడని చెబుతారు. మెకార్మిక్ ముందుకొచ్చి, నాటకం వేరు, నటులు వేరు, మమ్మల్ని వదిలెయ్యండని ప్రేక్షకులను వేడుకున్నాడు. ఒకే రాత్రి, ఒకే స్టేజీ, రెండు స్వభావాలు. సినిమాల్లో వాళ్ళు వేసిన వేషాలకు కూడా ఈ తేడా అంటుకునే ఉంది.

షీల్డ్స్ సోదరులు

ఫిట్జ్‌జెరాల్డ్ 1888లో డబ్లిన్‌లో ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టాడు. నలభై దాటాక, 1929లో గాని గుమాస్తాగిరీ వదల్లేదు. ఆ ఏడాదే లండన్‌లో ఓకేసీ 'సిల్వర్ టాసీ'లో వేశాడు. యేట్స్ వద్దన్నందువల్ల అప్పట్లో ఆబీ గడప దాటలేకపోయిన నాటకమది. అందులో కథానాయకుడు చార్ల్స్ లాటన్. ఈ పేరు ముందు మళ్ళీ వస్తుంది. 1930లో హిచ్‌కాక్ 'జూనో'ను సినిమా తీసినప్పుడు కెప్టెన్ బాయిల్ వేషం ఒక ఇంగ్లీషు నటుడికి పోయింది. ఆ పాత్రకు ప్రాణం పోసిన ఫిట్జ్‌జెరాల్డ్‌కు మొదట్లో వచ్చి ఉపన్యాసమిచ్చే చిన్న వేషం దక్కింది. సినిమాలో ఆయన మొదటి అడుగు అది.

1936లో జాన్ ఫోర్డ్ 'ప్లావ్ అండ్ ద స్టార్స్' సినిమా కోసం ఆబీ బృందాన్ని హాలీవుడ్‌కు రప్పించాడు. ఫిట్జ్‌జెరాల్డ్ అక్కడే ఉండిపోయాడు. 1944లో 'గోయింగ్ మై వే'లో వయసుమీరిన ఫాదర్ ఫిట్జ్‌గిబ్బన్‌గా వేస్తే, ఒకే పాత్రకు ఉత్తమ నటుడిగానూ, ఉత్తమ సహాయ నటుడిగానూ ఆస్కార్ పోటీలో నిలబెట్టారు. రెండోది వచ్చింది, మొదటిది ఆ సినిమాలోనే వేసిన బింగ్ క్రాస్బీకి పోయింది. ఒక పాత్రకు రెండు పోటీలు కుదరవని ఆ తర్వాత నిబంధన మార్చారు. యుద్ధకాలంలో లోహం కొరత వల్ల ఆ ఆస్కార్ బొమ్మను ప్లాస్టర్‌తో చేశారు. ఇంట్లో గోల్ఫు కర్ర ఊపుతూ ఆయన దాని తల ఎగరగొట్టేశాడు. ఆయన 1961 జనవరిలో డబ్లిన్‌లోనే కన్నుమూశాడు.

తమ్ముడు ఆర్థర్ షీల్డ్స్ కథ వేరు. 1896లో పుట్టిన ఆర్థర్ 1916లో తుపాకి పట్టి తిరుగుబాటులో పాల్గొన్నాడు. పట్టుబడి వేల్స్‌లోని ఫ్రాంగాక్ శిబిరంలో బందీగా గడిపాడు. ఆ తిరుగుబాటు మొదటి రోజునే ప్రాణం పోగొట్టుకున్న షాన్ కానలీ కూడా ఆబీ నటుడే. సరిగ్గా ఇరవై ఏళ్ళకు ఫోర్డ్ సినిమాలో ఆర్థర్ ఆనాటి నాయకుడు పాడ్రిక్ పియర్స్ వేషం కట్టాడు. తాను ఎవరి పిలుపు మీద వీధిలోకి దిగాడో ఆ మనిషిగా కాలిఫోర్నియా సెట్టు మీద నిలబడడం ఎంతమంది నటులకు ఎదురవుతుంది? అన్నకు వచ్చినంత కీర్తి తమ్ముడికి రాలేదు. కాని ఇద్దరూ కలిసి కనిపించే సినిమాల్లో కన్ను అన్న మీద నిలిస్తే, నమ్మకం తమ్ముడి మీద కుదురుతుంది. ఆర్థర్ 1970లో కాలిఫోర్నియాలో మరణించాడు.

ఆల్‌గుడ్ అక్కచెల్లెళ్ళు

సారా ఆల్‌గుడ్, ఆమె చెల్లెలు మాలీ ఆబీ తొలినాళ్ళవాళ్ళు. అక్కాచెల్లెళ్ళని తెలియకుండా మాలీ మాయిరె ఓనీల్ అనే పేరు పెట్టుకుంది. 1907లో సింగ్ రాసిన 'ప్లేబాయ్ ఆఫ్ ద వెస్టర్న్ వరల్డ్' మీద గొడవలు జరిగినప్పుడు కథానాయిక పెగీన్ మైక్ ఆమే. సింగ్ ఆమెను పెళ్ళాడదలిచాడు. అది జరక్కముందే 1909లో కన్నుమూశాడు.

సారా సొంత బతుకు జూనో పాత్ర కంటే బరువైనది. నాటక యాత్రలో ఆస్ట్రేలియా, న్యూజీలండ్ తిరుగుతూ తోటి నటుణ్ణి పెళ్ళి చేసుకుంది. పుట్టిన బిడ్డ గంట బతికింది. 1918 నవంబరులో ఇన్‌ఫ్లుయెంజా భర్తను తీసుకుపోయింది. ఆ తర్వాత ఆరేళ్ళకు కొడుకును పోగొట్టుకున్న తల్లిగా ఆమె జూనో వేసింది. 1941లో ఫోర్డ్ 'హౌ గ్రీన్ వజ్ మై వ్యాలీ'లో గని కార్మికుల కుటుంబానికి తల్లిగా వేసి ఆస్కార్ పోటీలో నిలిచింది. కథ వేల్స్‌ది, ఊరు కాలిఫోర్నియాలో కట్టిన సెట్టు, తల్లి, కూతురు, ఊళ్ళో పెద్దమనుషులు కొందరు డబ్లిన్ నటులు. వేల్స్ జనం ఏమనుకున్నారో గాని ఆ ఏటి ఉత్తమ చిత్రం అదే; ఓడిపోయిన వాటిలో 'సిటిజన్ కేన్' ఒకటి. తర్వాత స్టూడియో వాళ్ళు సారాకు చిన్నాచితకా వేషాలే ఇచ్చారు. ఆమె 1950లో అమెరికాలో పోయింది. ఇలా వాడిపారేయడం హాలీవుడ్‌కు మామూలే అయినా, ఆబీ వేదికను ఏలిన నటి విషయంలో అది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

గేట్, మరో దారి

ఆబీ పల్లెటూరి వంటిళ్ళనూ అద్దెగదులనూ చూపిస్తూంటే, 1928లో మొదలైన గేట్ థియేటర్ ఐరోపా నాటకాలనూ, వెలుగునీడల హంగులనూ డబ్లిన్‌కు తెచ్చింది. స్థాపకులు హిల్టన్ ఎడ్వర్డ్స్, మిహాల్ మక్‌లియమోర్. ఇద్దరిదీ ఒకే కాపురం. అది బహిరంగంగా ఒప్పుకునే రోజులు కాకపోయినా నగరానికంతటికీ తెలుసు. మక్‌లియమోర్ కార్క్‌లో పుట్టిన అసలు సిసలు ఐరిష్‌వాడినని చెప్పుకునేవాడు. ఐరిష్ భాషలో ధారాళంగా రాసేవాడు. నిజానికి ఆయన 1899లో లండన్‌లో పుట్టిన ఆల్‌ఫ్రెడ్ విల్‌మోర్. ఐర్లండ్ మీది మోహంతో భాష నేర్చుకుని, పేరు మార్చుకుని, పుట్టుకనే తిరగరాసుకున్నాడు. గుమాస్తాలు ఉద్యోగం కోసం పేరు దాచుకుంటే, ఈయన పేరుతోపాటు మనిషినే కొత్తగా కట్టుకున్నాడు. ఆయన వేసిన వేషాలన్నిట్లోకీ పెద్దది అదేనంటే అతిశయోక్తి కాదు.

1931లో పదహారేళ్ళ అమెరికన్ కుర్రాడు ఒకడు గేట్‌కు వచ్చి వేషమడిగాడు. అతడు ఆర్సన్ వెల్స్. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత వెల్స్ 'ఒథెల్లో' తీస్తూ ఇయాగో వేషానికి మక్‌లియమోర్‌నే పిలిచాడు. డబ్బు ఒడిసిపోయి ఆగుతూ, దొరికి సాగుతూ నడిచిన ఆ చిత్రీకరణ గురించి మక్‌లియమోర్ రాసిన దినచర్య పుస్తకం సినిమా నిర్మాణంలోని తిప్పలను చెప్పే మంచి పుస్తకాల్లో ఒకటి. 1960లో ఆస్కార్ వైల్డ్ జీవితం మీద ఆయన మొదలుపెట్టిన ఏకపాత్ర ప్రదర్శన దేశదేశాలు తిరిగింది.

గేట్ నుంచి వెళ్ళినవాళ్ళలో జెరల్డీన్ ఫిట్జ్‌జెరాల్డ్ 1939లో 'వుదరింగ్ హైట్స్'తో ఆస్కార్ పోటీకి వెళ్ళింది. వెక్స్‌ఫర్డ్‌లో పుట్టిన డాన్ ఓహెర్లిహీ ఆర్కిటెక్చర్ చదివి నాటకాల్లోకి వచ్చాడు. బున్యుయెల్ మెక్సికోలో తీసిన 'రాబిన్సన్ క్రూసో'లో దాదాపు సినిమా అంతా ఒంటరిగా మోసి ఉత్తమ నటుడి పోటీలో మార్లన్ బ్రాండో పక్కన నిలబడ్డాడు.

ఊరూరా డేరా

ఈ రెండు నాటకశాలలకూ కింద మూడో అంతస్తు ఒకటుంది. సామాను బళ్ళకెత్తుకుని ఊరూరా తిరుగుతూ, దొరికిన హాల్లో స్టేజీ బిగించి రాత్రికో నాటకం ఆడే సంచార సమాజాలు. 'ఫిట్-అప్' అనేవారు వాటిని. అన్యూ మెక్‌మాస్టర్ సమాజం షేక్‌స్పియర్‌ను మారుమూల పల్లెలకు మోసుకెళ్ళింది. మక్‌లియమోర్, ఎడ్వర్డ్స్ 1927లో కలుసుకున్నది అందులోనే. మెక్‌మాస్టర్ మక్‌లియమోర్‌కు బావ కూడా. తర్వాత ప్యాట్రిక్ మగీ, 1950ల మొదట్లో, ఇంకా నాటకకర్త కాని కుర్రాడు హెరాల్డ్ పింటర్ అందులో జీతానికి వేశారు.

సిరిల్ క్యూసాక్ ఈ డేరాల బిడ్డ. 1910లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి ఆశ్విక పోలీసు, తల్లి ఇంగ్లీషు నటి. భర్తను విడిచి బిడ్డతో ఐర్లండ్ చేరిన తల్లి సంచార సమాజంలో కలిసింది. 1918లో 'నాక్‌నగావ్' అనే మూకీలో ఇల్లు పోగొట్టుకున్న కుటుంబంలోని పిల్లవాడిగా క్యూసాక్ తెర మీద కనిపించాడు. 1932లో ఆబీలో చేరి పదమూడేళ్ళున్నాడు. ఆ తర్వాత సొంత సమాజం పెట్టి, 'ప్లేబాయ్'ను పారిస్ దాకా తీసుకెళ్ళాడు. సినిమాల్లో ఆయనది గొంతు పెంచని నటన. 'స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ద కోల్డ్'లో గూఢచారుల అధిపతిగా టీ పోస్తూ మనిషి ప్రాణం గురించి మాట్లాడే తీరూ, త్రుఫో 'ఫారన్‌హీట్ 451'లో పుస్తకాలు తగలబెట్టే కెప్టెన్‌గా చూపిన ఆప్యాయతా చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 1990లో గేట్‌లో చెహోవ్ 'త్రీ సిస్టర్స్' ఆడినప్పుడు ముగ్గురు అక్కచెల్లెళ్ళుగా వేసింది ఆయన కూతుళ్ళు షినేడ్, సొరకా, నీవ్. ముసలి డాక్టరు ఆయన. 1993లో మరణించాడు.

భాష, మంట

1941లో ఆబీ పెత్తనం ఎర్నెస్ట్ బ్లైత్ చేతికి వచ్చింది. మాజీ ఆర్థికమంత్రి, 1925 గ్రాంటు ఇప్పించింది ఆయనే. ఐరిష్ భాష రానివాళ్ళను కొత్తగా చేర్చుకోనని పట్టుబట్టాడు. మంచి నటులు కొందరు గడప బయటే ఆగిపోయారని తిట్టినవాళ్ళున్నారు. ఆ తిట్లలో న్యాయముంది. అయితే అదే భాష లేకపోతే షివాన్ మెకెన్నా కూడా ఉండేది కాదు. బెల్‌ఫాస్ట్‌లో పుట్టి గాల్వేలో పెరిగిన ఆమె మొదట వేషం కట్టింది గాల్వేలోని ఐరిష్ భాషా రంగస్థలం టైవార్క్‌లో. బెర్నార్డ్ షా 'సెయింట్ జోన్'ను తానే ఐరిష్‌లోకి అనువదించుకుని 1950లో అక్కడ ఆడింది. తర్వాత అదే పాత్రను ఇంగ్లీషులో డబ్లిన్, లండన్, న్యూయార్క్ చూశాయి. 1956లో ఆమె బొమ్మ 'లైఫ్' పత్రిక ముఖచిత్రమైంది. సినిమా మాత్రం ఆమెకు సరిగ్గా ఒదగలేదు. 'కింగ్ ఆఫ్ కింగ్స్'లో మేరీ మాతగా, 'డాక్టర్ జివాగో'లో చిన్న పాత్రలో కనిపించినా, ఆ గొంతుకు కావలసినంత చోటు తెర మీద దొరకలేదు.

1951 జూలై 18 తెల్లవారుజామున ఆబీ అంటుకుంది. ముందు రాత్రి ఆడిన నాటకం 'ప్లావ్ అండ్ ద స్టార్స్'. చివరి అంకంలో డబ్లిన్ తగలబడుతూ ఉంటుంది. సమాజం క్వీన్స్ అనే పాత హాలుకు మారింది. కొద్ది రోజులకన్నది పదిహేనేళ్ళయింది. పెద్ద హాలు నింపాలి గనుక హాస్య నాటకాలు నెలల తరబడి ఆడాయి. రే మెకానలీ, టి. పి. మెకెన్నా వంటి తర్వాతి తరం ఆ గానుగలోనే నలిగి ఆరితేరింది. కొత్త ఆబీ 1966లో, అదే జూలై 18న తెరుచుకుంది.

కాంగ్ ఊళ్ళో ఒక వేసవి

ఆబీ కాలిపోయిన ఆ వేసవిలోనే మేయో జిల్లా కాంగ్ గ్రామంలో ఫోర్డ్ 'ద క్వయట్ మ్యాన్' తీశాడు. ఫిట్జ్‌జెరాల్డ్ పెళ్ళిళ్ళ పేరయ్య, ఆర్థర్ ప్రొటెస్టెంటు పాస్టరు, ఆయన భార్యగా ఐలీన్ క్రో. నాయిక మరీన్ ఓహారా. ఆమె అన్నదమ్ములిద్దరు కూడా వేషాలేశారు. మరీన్ అసలు పేరు ఫిట్జ్‌సిమన్స్. 1920లో డబ్లిన్‌లో పుట్టి, పద్నాలుగో ఏట ఆబీలో చేరింది. 'సిల్వర్ టాసీ' కథానాయకుడు చార్ల్స్ లాటనే ఆమెను పట్టుకుని, పేరు పొడుగైందని కత్తిరించి 'ఓహారా' చేశాడు. 1939లో 'జమైకా ఇన్', 'హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్' వచ్చాయి. అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు కాగితాల్లో తనను బ్రిటిష్ ప్రజగా రాస్తే ఒప్పుకోలేదనీ, ఐరిష్ అని మార్పించుకున్నాననీ ఆత్మకథలో చెప్పుకుంది. ఈ తరంలో నిజమైన హీరోయిన్ తార ఆమె ఒక్కతే. పోటీలోనే నిలబడని ఆమెకు 2014లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. మరుసటి ఏడు పోయింది.

'క్వయట్ మ్యాన్' ఫోర్డ్‌కు దర్శకుడిగా నాలుగో ఆస్కార్ తెచ్చింది. పచ్చిక, గుర్రప్పందేలు, తాగుబోతు పోట్లాటలు చూసి, అమెరికా వాడి కలలో ఐర్లండ్ అని ముఖం చిట్లించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నిజమే. కాని ఆ కల మధ్యలో ఫిట్జ్‌జెరాల్డ్ నోరు తెరిస్తే వినిపించేది ఓకేసీ డబ్లినే.

దీనికి పూర్తి ఎదురు ముఖం కరోల్ రీడ్ 1947లో తీసిన 'ఆడ్ మ్యాన్ అవుట్'. బెల్‌ఫాస్ట్ వీధుల్లో గాయపడి పారిపోయే విప్లవకారుడి కథ. హీరో జేమ్స్ మేసన్ ఇంగ్లీషువాడు. చుట్టూ ఉన్నవాళ్ళు క్యూసాక్, ఓహెర్లిహీ, డెనిస్ ఓడీ, జోసెఫ్ టొమెల్టీ. షెల్ అనే పిట్టలమ్మేవాడుగా మెకార్మిక్ ఆశకూ జాలికీ మధ్య ఊగిసలాడుతుంటే మేసన్ మీద నుంచి చూపు తప్పుకుంటుంది. ఆయనకు అంత పెద్ద సినిమా వేషం అదే మొదలు, అదే చివర; ఆ ఏడాదే పోయాడు. ఫాదర్ టామ్‌గా కనిపించే ముసలాయన ఎవరో కాదు, విలియం ఫే. 1902లో గుమాస్తాలను పోగుచేసిన ఎలక్ట్రీషియను. ఆయనా అదే ఏడు వెళ్ళిపోయాడు.

బెకెట్‌కు దొరికిన గొంతులు

1957 చివర బీబీసీ రేడియోలో బెకెట్ రచనను ప్యాట్రిక్ మగీ చదువుతుంటే రచయిత పారిస్‌లో విన్నాడు. అర్మాలో పుట్టిన మగీది గరగరలాడే గొంతు. ఆ గొంతు కోసమే బెకెట్ 'క్రాప్స్ లాస్ట్ టేప్' రాశాడు. 1958 అక్టోబరులో లండన్ రాయల్ కోర్ట్‌లో దాన్ని మగీ ఆడాడు. అదే రాత్రి 'ఎండ్‌గేమ్'లో జాక్ మెక్‌గౌరన్ వేశాడు. డబ్లిన్‌లో బీమా గుమాస్తాగా మొదలై, 'క్వయట్ మ్యాన్'లో అనుచరుడిగా వేసిన సన్నటి మనిషి మెక్‌గౌరన్. బెకెట్ టెలివిజన్ కోసం తొలిసారి రాసిన 'ఏ జో' ఆయన ముఖం కోసమే. 1973 జనవరిలో న్యూయార్క్‌లో 'ప్లావ్ అండ్ ద స్టార్స్' ఆడుతుండగా ఫ్లూ సోకి చనిపోయాడు. అప్పుడాయన వేస్తున్నది ఫ్లూథర్ పాత్ర, 1926లో ఫిట్జ్‌జెరాల్డ్ వేసినదే. చివరి సినిమా 'ఎక్సార్సిస్ట్' ఆయన పోయాక విడుదలైంది.

హాస్యగాళ్ళు, ఆర్డ్‌మోర్

ఆబీ, గేట్ పేర్లు వినని డబ్లిన్ కూలీ కూడా జిమ్మీ ఓడీని ఎరుగుదును అనేవాడు. చీర కొంగు లాంటి శాలువా కప్పుకుని కూరల బేరాలు చేసే బిడ్డీ మలిగన్‌గా ఆయన నగరాన్ని నవ్వించాడు. 1959లో డిస్నీ 'డార్బీ ఓగిల్'లో మరుగుజ్జు రాజయ్యాడు. ఐర్లండ్ కథే అయినా చిత్రీకరణ కాలిఫోర్నియాలో. వేల మంది పట్టే థియేటర్ రాయల్‌లో ఆడవేషాలతో పేరుపడ్డ పొడుగాటి నోయెల్ పర్సెల్ తెల్లగడ్డంతో 'మోబీ డిక్' వంటి సినిమాల్లో కనిపిస్తాడు. రాయల్‌ను 1962లో మూసేశారు.

1958లో బ్రే పట్టణంలో ఆర్డ్‌మోర్ స్టూడియో తెరిచారు. స్థాపకుల్లో ఎమెట్ డాల్టన్ 1922లో స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ కాల్పుల్లో చనిపోయినప్పుడు పక్కనున్న సైనికాధికారి. ఆబీ నాటకాలను తెరకెక్కించాలన్నది మొదటి ఆలోచన. బ్రిటిష్ నిధులతో వచ్చిన సినిమాలకు బ్రిటిష్ సంఘాల సాంకేతికులే పనిచేయాలన్న షరతు వల్ల స్థానికులకు పని దొరకలేదు. నటులకు మాత్రం వేషాలు దొరికాయి. కొన్నేళ్ళకే స్టూడియో అప్పుల్లో పడింది. 1961 డిసెంబరు 31న మొదలైన ఐరిష్ టెలివిజనే నటులకు నెలజీతం లాంటిది అయింది.

పెద్ద హాళ్ళ, స్టూడియోల పక్కనే చిన్న రంగస్థలాలూ నడిచాయి. డబ్లిన్‌లో 1957లో పైక్ అనే బుల్లి థియేటర్ టెనెసీ విలియమ్స్ 'రోజ్ టాటూ' ఆడితే అశ్లీలమంటూ దర్శకుడు ఆలన్ సింప్సన్‌ను అరెస్టు చేశారు. కేసు మరుసటి ఏడు కొట్టేశారు, థియేటర్ మాత్రం కోలుకోలేదు. అందులో నాయిక వాటర్‌ఫర్డ్ నటి అన్నా మానహన్. నలభై ఏళ్ళు దాటాక, 1998లో 'బ్యూటీ క్వీన్ ఆఫ్ లీనేన్'లో కూతుర్ని పీడించే ముసలి తల్లిగా న్యూయార్క్ వెళ్ళి టోనీ బహుమతి అందుకుంది. అప్పటికి ఆమెకు డెబ్బై మూడేళ్ళు.